అత్తమ్మను తియ్యక్కా

ముబష్షిరా బతుకును ఒక్క మాటలో చెప్పమంటే "తీయడం" అని చెప్పాలి. పండగ పూట ఇళ్ళకు పోయి ఫోటోలు తీస్తుంది. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ ఫోటోల్లో అడ్డమొచ్చిన కరెంటు వైర్లు, గోడ మీది చెమ్మ మరకలు, పిల్లల ముక్కు కింద మెరుస్తున్న చీమిడి, అన్నీ తీసేస్తుంది. మాట ఒకటే, పనులు రెండు. తెలుగులోనే కాదు, ఆమె ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలోనూ ఇదే గోల. ఫోటో తీయడమూ "నికాల్నా"నే, మనిషిని బయటికి పంపడమూ "నికాల్నా"నే. రెండు భాషలూ కలిసి ఇంత అన్యాయం చేస్తున్నా ఇన్నేళ్ళలో ఎవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు. ముబష్షిరా కూడా చేయలేదు. చేసి ఉంటే పోయిన దసరాకు తాండూరులో రాజేశం సేటు ఇంట్లో ఆ రభస జరిగేదే కాదు.

ఆమె పుట్టిల్లు వికారాబాదు. తండ్రి నజీర్‌కు స్టేషన్ దగ్గర చిన్న స్టూడియో ఉండేది. వెనక తెరలు రెండే రెండు: ఒకదాని మీద తాజ్‌మహల్, ఇంకోదాని మీద జలపాతం. దౌల్తాబాదు నుంచి కందులు అమ్ముకోవడానికి వచ్చిన రైతు కూడా ఆ జలపాతం పక్కన బిగదీసుకుని నిలబడి, ఫోటో కాగానే తువ్వాలతో మొహం తుడుచుకునేవాడట, నీళ్ళు పడ్డట్టుగా. ముబష్షిరా ఆ స్టూడియోలోనే పలక పట్టింది, అక్కడే బ్రష్ పట్టింది. నెగటివ్‌లను మిఠాయి డబ్బాల్లో పేర్లు రాసి దాచేవాడు నజీర్. ముప్పై ఏళ్ళ డబ్బాలు. "ఎందుకు అబ్బా ఇవన్నీ?" అంటే, "నెగటివ్ పారేసుడంటే మనిషిని పారేసుడే బేటీ" అనేవాడు. ఆయన పోయాక స్టూడియో మూతపడింది కానీ ఆ మాట మటుకు కూతురి చేతివేళ్ళలో ఉండిపోయింది. ఆమె ఏదీ పారేయలేదు. కంప్యూటర్‌లో దేన్ని తీసేసినా ఆ ముక్కను "తీసినవి" అని పేరు పెట్టిన ఒక ఫోల్డర్‌లో దాచుకుంటుంది. అందులో ఇప్పుడు ఒక ఊరికి సరిపడా కరెంటు వైర్లు ఉన్నాయి.

పెళ్ళయి తాండూరు వచ్చినప్పుడు ఆమె వెంట కెమెరా కూడా వచ్చింది. భర్త అఫ్సర్ కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పొద్దున బండి మీద నల్లగా పోయి సాయంత్రం తెల్లగా వస్తాడు. భార్య కెమెరా పట్టుకుంటే అతనికేమీ అభ్యంతరం లేదు, అత్త వజీరాబీకి అసలే లేదు. పైగా వజీరాబీకి ఫోటోలంటే ప్రాణం. ఏ పండగైనా అందరికంటే ముందు తయారై కుర్చీలో కూర్చుంటుంది. కానీ ఊళ్ళో ఎవరు పిలవాలి? కొత్త కోడలు, కెమెరా పట్టుకున్న ఆడమనిషి. ఏడాదిపాటు ఆమె తీసినవన్నీ వజీరాబీ ఫోటోలే.

అప్పుడు పిలిచింది ఇందిరమ్మ.

గంజ్‌లో పప్పుల దుకాణం రాజేశం సేటు భార్య ఇందిరమ్మ. పదకొండేళ్ళ కిందట ఆమె కూతురు అంబికకు శ్రీమంతం. ఫోటోలు తీయడానికి వచ్చిన పిలగాడు "మేడమ్, కడుపు మీద జర చెయ్యి పెట్టుకోండి" అన్నాడో లేదో, అంబిక సిగ్గుతో అర్రలోకి పోయి తలుపేసుకుంది. ఎంత పిలిచినా రాలేదు. పిల్లను బతిమాలడం మానేసి ఇందిరమ్మ ఆ పిలగాడికి కడుపునిండా భోజనం పెట్టి పంపించి, పప్పు కొనడానికి వచ్చే వజీరాబీకి కబురు చేసింది.

"మీ కోడలు ఫోటోలు తీస్తదంట గద. తోలియ్యి. ఆడపిల్లల సంబురం ఆడపిల్లనే తియ్యాలె."

ఆ రోజు ముబష్షిరా కెమెరా పట్టుకుని పోయింది. పదిమంది ఆడవాళ్ళు, పదిమందీ బిగుసుకుని కూర్చున్నారు. నవ్వండి అంటే ఎవరైనా నవ్వుతారా? పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు నోళ్ళు తెరిచారు. ఏమీ తోచక ఆమె గట్టిగా, "ఎవ్వరు నవ్వొద్దు! నవ్విన్రంటే ఫోటో ఖరాబైతది!" అంది. అంతే, మొదట అంబిక కిసుక్కుమంది, ఆ వెనక పదిమందీ విరగబడ్డారు. ఆ ఫోటో గంజ్ గల్లీలో ఇల్లిల్లూ తిరిగింది. ఆ తర్వాత ముబష్షిరాకు పని వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. ఇందిరమ్మ ఆమెను అప్పటి నుంచి "బిడ్డా" అనే పిలుస్తుంది, అంబికను పిలిచినట్టే.

ఇంత చేసిన ఇందిరమ్మ మటుకు ఆ ఫోటోలో లేదు. ఏ ఫోటోలోనూ ఉండదు. కెమెరా కనబడితే చాలు, పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు వంటింట్లోకి పరుగు. "నన్నెందుకు తీస్తవు బిడ్డా? నేనుంటే మంచి ఫోటో ఖరాబైతది. పిల్లలను తియ్యి" అంటుంది. ఎన్నిసార్లు బతిమాలినా అదే పాట. పట్టుకొచ్చి నిలబెడితే ఫ్లాష్ వెలిగే క్షణానికి కొంగు మాత్రం మిగిలేది.

ముబష్షిరా ఇప్పుడు ఒట్టి ఫోటోలే కాదు, పుస్తకాలు కూడా చేస్తుంది. పండగ పండగకూ, కాలం కాలానికీ తీసిన ఫోటోలను దళసరి కాగితాల మీద అతికించి, పక్కన ఆ రోజు గుర్తులు అతికిస్తుంది: ఎండిన తంగేడు పువ్వు, రాఖీ దారం, మొదటి వాన రోజు పిల్లాడు చేసిన కాగితం పడవ. వీటికి గిరాకీ బాగా పెరిగింది. ఆమెకు ఒకే ఒక్క నియమం ఉంది. ఫోటోలోకి మనుషులను కలుపుతుంది కానీ, ఫోటోలోంచి మనుషులను తీయదు. దుబాయ్‌లో ఉన్న అన్నను ఇక్కడి పెళ్ళిలో నిలబెడుతుంది, నీడ కూడా తేడా రాకుండా. కానీ పొలం గట్టు కాడ తమ్ముడితో కొట్లాడి వచ్చిన పరమేశ్ అనే ఆయన "వాన్ని తీసెయ్" అంటే, "తీస్తే మచ్చ పడుతది అన్నా, వస్తలేదు" అని అబద్ధమాడి పంపేసింది. మూడు నెలలకు అన్నదమ్ములు ఒకే బండి మీద వచ్చి అదే ఫోటో పెద్దది చేయించుకుని పోయారు. తన అబద్ధానికి ఆమె ఆ రోజు చాలా మురిసిపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

పోయినేడు ఉగాదీ రంజానూ ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. ముబష్షిరాకు తల గోక్కునే తీరిక లేదు. ఒక రోజు పచ్చడి గిన్నెల ఫోటోలు, మర్నాడు షీర్ ఖుర్మా గిన్నెల ఫోటోలు. ఆ హడావుడిలో ఫోన్‌లోకి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పంపింది ఇందిరమ్మ కోడలు వైశాలి. కొడుకు అమర్‌నాథ్ భార్య. వికారాబాదులో ఉద్యోగం, రోజూ రైల్లో పోయి వస్తుంది. ఆ మెసేజ్ కూడా రైల్లోంచే.

"అక్కా, నేను వైశాలిని. ఈ ఏడు దసరకు నాకొక పుస్తకం చేసియ్యాలె నువ్వు. ఉగాది కాడికెళ్లి అన్ని పండుగలు రావాలె. గా ఫోటోలల్ల..." ఇక్కడ రైలు కూత వేసింది. "...మా అత్తమ్మను తియ్యక్కా. ఎవ్వరికి తెల్వకుండ తియ్యాలె. ఆమెకైతే అసలే తెల్వొద్దు."

ఫోటోలల్ల అందో, ఫోటోల్లోంచి అని ఫోటోలల్లకెళ్లి అందో ఆ కూతకే తెలియాలి. వైశాలి ఉద్దేశం మనకు అర్థమవుతూనే ఉంది. పారిపోయే అత్తను ఆమెకు తెలియకుండా ఫోటో తీయమంటోంది. కానీ ముబష్షిరా ఆ మెసేజ్ వింటున్నప్పుడు ఆమె ముందున్నది కెమెరా కాదు, కంప్యూటర్. అప్పుడే ఒక పెళ్ళివారి వెనక నుంచి నీళ్ళ ట్యాంకును తీసేస్తోంది. తీయడం అంటే ఆ నిమిషాన ఆమెకు తెలిసింది అదొక్కటే.

ఆమె నమ్మలేక మళ్ళీ విన్నది. మళ్ళీ అదే కూత. చివరికి "అన్నిట్లనా?" అని రాసి పంపింది. క్షణంలో జవాబు వచ్చింది: "అన్నిట్ల అక్కా. ఒక్కటి గుడ ఇడువొద్దు. నీ చెయ్యి మంచిది, నీతోటే అయితది."

బియ్యం చెరుగుతున్న అత్త దగ్గరికి పోయి కూలబడింది ముబష్షిరా. "సాస్ కు నికాలో బోల్రై అమ్మీ" అంది. అత్తను తీసెయ్యమంటోంది అని.

వజీరాబీ చేటలో చెయ్యి ఆగిపోయింది. "ఘర్ సే?"

"నై అమ్మీ! ఫోటో మే సే."

ఇంట్లోంచి కాదు, ఫోటోలోంచి అని తెలిసినా వజీరాబీ మొహం తేరుకోలేదు. కోడలి వంక ఒక చూపు, గోడ మీదున్న తన ఫోటోల వంక ఒక చూపు చూసి, లేచి వెళ్ళి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు గానీ మళ్ళీ చేట పట్టుకోలేదు.

మరి ముబష్షిరా పరమేశ్‌తో ఆడినట్టు ఇక్కడ కూడా అబద్ధమాడి తప్పించుకోవచ్చు కదా? ఆడదామనే అనుకుంది. కానీ ఒక సందేహం పట్టుకుంది. "నేనుంటే ఫోటో ఖరాబైతది" అని పదకొండేళ్ళుగా అంటున్నది ఇందిరమ్మే. ఆమే కోడలితో చెప్పించిందేమో? "మీ అత్త మీద నీకేం కోపం?" అని వైశాలిని ఏ మొహంతో అడగాలి? అత్తాకోడళ్ళ మధ్య మాట అది, పైవాళ్ళం మనకెందుకు? ఇలా తనకు తానే వంద విధాల సర్దిచెప్పుకుని, ఒక్క ఫోన్ మాత్రం చేయకుండా, ఆమె ఇందిరమ్మను తీయడం మొదలుపెట్టింది. తనకు మొట్టమొదట అన్నం పెట్టిన చేతిని తన చేత్తోనే చెరిపేస్తున్నానని ఆమెకు తెలుసు. ఆ బాధ దసరా దాకా వదల్లేదు.

ఆ పని అంత సులువుగా కూడా లేదు. ఫోటోకు నిలబడదన్న మాటే గానీ, ఇందిరమ్మ లేని ఫోటో ఆ ఇంట్లో ఒక్కటీ రాదు. ఉగాది నాడు వైశాలి పిల్లలిద్దరూ పచ్చడి నాకుతుంటే, మూలన ఒక చెయ్యి ఇంకో గిన్నె అందిస్తోంది. మామిడికాయ తొక్కు పెట్టిన రోజు, ముక్కలు కొడుతున్న రాజేశం సేటు పక్కన, మోచేతి దాకా కారం అంటుకున్న ఎర్రటి చెయ్యి. మొదటి వానకు తడిసి గెంతుతున్న మనవడి నెత్తి మీద, గుమ్మంలోంచి దూసుకొచ్చిన ఒక తువ్వాల. బోనాల నాడు అందరూ ముందుకు చూస్తుంటే, వెనక నుంచి వైశాలి కుచ్చిళ్ళు సరిచేస్తూ వంగిన ఒక వీపు. ముబష్షిరా చెయ్యి తీస్తుంది, చెయ్యి ఉన్న చోట గోడ గీస్తుంది. వీపు తీస్తుంది, వీపు ఉన్న చోట నేల మీది బండలు పరుస్తుంది. తాండూరు బండ తెలిసినవాళ్ళ కళ్ళు బండ గీతల మీదికే పోతాయి కాబట్టి ఒక్కొక్క గీతనూ కలుపుకుంటూ పోవాలి. ఫోన్‌లో వేలితో రుద్దితే మనిషి మాయమయ్యే రోజులివి, కానీ ఆ రుద్దినచోట మసక మిగులుతుంది. ముబష్షిరా చేతిలో మసక కూడా మిగలదు. ఆ చెయ్యి అంత మంచిదైనందుకు ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది.

రాఖీ నాటి ఫోటో అన్నిటికన్నా ఏడిపించింది. అంబిక రాఖీ కట్టింది, అమర్‌నాథ్ నోరు తెరిచాడు, ఫోటో బయటి నుంచి ఇందిరమ్మ వేళ్ళు వచ్చి అతని నోట్లో కోవా బిళ్ళ పెడుతున్నాయి. వేళ్ళు తీస్తే కోవా గాల్లో వేలాడింది. కోవా కూడా తీసేసింది. ఇప్పుడు అమర్‌నాథ్ ఊరికే నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఎందుకు తెరిచాడో ఆయనకే తెలియనట్టుంది. నోరు మూయించాలని గంటసేపు చూసి, మూతపడక, అలాగే వదిలేసింది.

మధ్యమధ్య ఆ ఇంటికి పోయినప్పుడల్లా ఇంకో నరకం. వైశాలి పక్కకు పిలిచి, కళ్ళు మెరిపిస్తూ గుసగుసగా అడిగేది.

"తీసినవా అక్కా?"

"తీసిన."

"ఆమెకు తెల్వలే గద?"

"తెల్వలే."

"మస్తు పని చేసినవ్ అక్కా!" అని వైశాలి ఆమె చెయ్యి నొక్కేది. ఇంత సంబరంగా అత్తను తీయించుకునే కోడలిని ముబష్షిరా ఎక్కడా చూడలేదు. అంతలో వంటింట్లోంచి ఇందిరమ్మ పిలుపు: "బిడ్డా, తిని పో. ఉత్త చేతుల పోవద్దు." తిని పోయేది. పెట్టిన చేతి వంక మాత్రం చూసేది కాదు.

తీసేసిన ముక్కలన్నీ అలవాటు ప్రకారం "తీసినవి" ఫోల్డర్‌లోకి పోయాయి. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు వైర్ల కోసం వెతుకుతుంటే అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. గరిట పట్టిన చెయ్యి, తువ్వాల పట్టిన చెయ్యి, పారిపోతున్న మడమ, వంగిన వీపు, తలుపు సందులోంచి పిల్లలను చూసి నవ్వుతున్న సగం మొహం. చూస్తూ చూస్తూ ముబష్షిరా ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, వైశాలి పుస్తకానికి తెచ్చిన దళసరి కాగితాల్లోంచే సగం పక్కన పెట్టింది. ఈ ముక్కలతో ఇంకో పుస్తకం చేస్తాను, ఎవరూ చూడకుండా వంటింట్లో ఇందిరమ్మ చేతిలో పెడతాను, ఎవరు తీయమన్నా నేను పారేయలేదమ్మా అని చెబుతాను, అనుకుంది. దాని అట్ట మీద ఏం రాయాలో తెలియక ఫోల్డర్ పేరే రాసింది: "తీసినవి."

దసరా సాయంత్రం. జమ్మి కొట్టి అందరూ ఇంటికొచ్చారు. అంబిక కూడా పిల్లలతో వచ్చింది. జమ్మి ఆకు బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకోవడం, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కడం, ఇల్లంతా కలకల. ముబష్షిరా కూడా వచ్చింది. ఒక చేతిలో వైశాలి పుస్తకం, భుజం మీది సంచిలో ఇంకో పుస్తకం. రాజేశం సేటు ఆమె చేతిలో కూడా జమ్మి ఆకు పెట్టి, "బంగారం తీసుకో బిడ్డా" అన్నాడు.

వైశాలి పుస్తకం అందుకుని, విప్పి కూడా చూడకుండా, వంటింట్లో ఉన్న అత్తను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నడిమింట్లో కూర్చోబెట్టి, ఆమె ఒళ్ళో పెట్టింది. "అత్తమ్మా, ఇది నీకే. ఉగాది సంది చేయిస్తున్న. ఇప్పు!"

ముబష్షిరా భుజం మీది సంచిని ఒడిసిపట్టుకుంది. నీకే? తీసేసిన మనిషికే ఇస్తుందా?

ఇందిరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పింది. ఉగాది. తొక్కు. వాన. చుట్టూ అందరూ మూగారు. పిల్లలు తమను తాము చూసుకుని కేకలు పెట్టారు. రాఖీ పేజీ దగ్గర రాజేశం సేటు కళ్ళు చిట్లించి, "వీనికేమైందే? గట్ల నోరు తెరిచిండు?" అన్నాడు. వైశాలి మొహంలో నవ్వు మెల్లగా తగ్గుతూ వచ్చింది. అత్త చేతిలోంచి పుస్తకం తీసుకుని, గబగబా చివరిదాకా తిప్పి, తలెత్తింది.

"అక్కా, మా అత్తమ్మ ఏది?"

"నువ్వే గద తియ్యమంటివి?"

"తియ్యమన్న! ఏది మరి?"

"తీసిన గద! అన్నిట్లకెళ్లి తీసిన. ఒక్కటి గుడ ఇడువలే."

అమర్‌నాథ్ భార్య వంక చూశాడు. అంబిక వదిన వంక చూసింది, ఆ చూపు మంచి చూపు కాదు. వైశాలి ఫోన్ తీసి, ఆ పాత మెసేజ్ వెతికి అందరి ముందు పెట్టింది. రైలు కూతతో సహా వినిపించింది. "మా అత్తమ్మను తియ్యక్కా. ఎవ్వరికి తెల్వకుండ తియ్యాలె."

"ఫోటో! ఫోటో తియ్యమన్న నేను!" అని వైశాలి అరిచింది. "కెమెరా చూస్తే ఉరుకుతదని, తెల్వకుండ తియ్యమన్న. ఏ ఫోటోల లేదు గద మా అత్తమ్మ, ఒక్క పుస్తకంలనన్న ఉండాలెనని..."

ముబష్షిరాకు ఆరు నెలల గుసగుసలూ, నొక్కిన చేతులూ ఒక్కసారిగా తిరగబడి అర్థమయ్యాయి. రాజేశం సేటుకు ముందు నవ్వొచ్చింది, కానీ భార్య మొహం చూసి మింగేసుకున్నాడు.

ఇందిరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. పుస్తకం మెల్లగా మూసి, అట్ట మీద చేత్తో తుడిచింది. "మంచిగనే ఉన్నది బిడ్డా. నేను లేకున్న అందరు సక్కగ కనవడుతున్నరు. నేనెప్పుడు చెప్పేదే గద" అని, లేచి వంటింటి వైపు నడిచింది. వైశాలి ఏడుపు అందుకుంది.

"అమ్మా, ఆగు!"

ఆ కేక తనదేనని ముబష్షిరాకు తర్వాత గానీ తెలియలేదు. సంచిలోంచి రెండో పుస్తకం తీసి, పరుగున పోయి, గుమ్మంలో ఇందిరమ్మ చేతుల్లో పెట్టింది. "తీసిన గని పారెయ్యలే అమ్మా. ఒక్క ముక్క గుడ పారెయ్యలే."

ఇందిరమ్మ గుమ్మంలోనే నిలబడి విప్పింది. మొదటి పేజీలో ఒక చెయ్యి, చేతిలో పచ్చడి గిన్నె. రెండో పేజీలో ఎర్రటి మోచెయ్యి. మూడో పేజీలో తువ్వాల. ఎవరివో చూస్తున్నట్టు చూసింది. తర్వాత తన చెయ్యి పైకెత్తి, గాజులు చూసుకుని, మళ్ళీ పేజీలోని గాజులు చూసింది.

"ఇది నా చెయ్యేనా?"

"నీదే అమ్మా."

"గీ వీపు?"

"నీదే."

మనవరాలు మొదటి పుస్తకం పట్టుకొచ్చి నానమ్మ పక్కన చేరింది. ఆ పిల్లకే తట్టింది, రాఖీ పేజీలు రెండూ తీసి అంచుకు అంచు ఆనించింది. ఈ పేజీలో వేళ్ళు, వేళ్ళలో కోవా. ఆ పేజీలో నోరు. కోవా పోయి సరిగ్గా అమర్‌నాథ్ నోట్లో పడింది. రాజేశం సేటు ఇక ఆపుకోలేకపోయాడు. "అందుకా నోరు తెరిచింది! నేను వీనికి ఏం రోగమొచ్చెనో అనుకున్న!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. అంబిక నవ్వింది. అమర్‌నాథ్ నవ్వాడు. వైశాలి ఏడుస్తూనే నవ్వింది. పిల్లలు పేజీ పేజీకీ జత కలపడం మొదలుపెట్టారు. తువ్వాల వచ్చి తడినెత్తి మీద పడింది, చెయ్యి వచ్చి గిన్నె అందించింది.

ఇందిరమ్మ అన్నీ చూసింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఇన్నేండ్ల సంది నేను ఏ ఫోటోల లేననుకున్న బిడ్డా. గిన్నిట్ల ఉన్ననా?"

"అన్నిట్ల ఉన్నవు అమ్మా," అంది ముబష్షిరా. "నువ్వు లేని ఫోటో కోసం ఆరు నెలలు దేవులాడిన. ఒక్కటి దొరకలే."

ఇందిరమ్మ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, వంటింట్లోకి పోకుండా వెనక్కి తిరిగి వచ్చి, నడిమింట్లో అందరి మధ్యన కుర్చీ లాక్కుని కూర్చుంది. కోడలిని పిలిచి పక్కన నిలబెట్టుకుంది. ఆమె కళ్ళు కొంగుతో తుడిచి, జమ్మి ఆకు చేతిలో పెట్టింది.

"ఇగ తియ్యి," అంది ముబష్షిరాతో. ఒక్క క్షణం ఆగి వేలు చూపించింది. "ఏ తీసుడో తెలిసింది గద?"

ఇల్లంతా గొల్లుమంది. కెమెరా ఎత్తిన ముబష్షిరాకు చూపు సరిగా ఆనలేదు, కళ్ళు నిండిపోయాయి. అయినా పాత మాటే అరిచింది. "ఎవ్వరు నవ్వొద్దు! నవ్విన్రంటే ఫోటో ఖరాబైతది!"

ఎవరు వింటారు? రాజేశం సేటు నోరంతా తెరిచి నవ్వాడు. ఒక పిల్లాడు కదిలాడు. వైశాలి కాటుక బుగ్గ మీదికి కారి ఉంది. గోడ మీద కరెంటు వైరు అడ్డంగా వేలాడుతోంది. నడిమధ్యన ఇందిరమ్మ, చంకలో పుస్తకంతో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటూ పెట్టుకుంటూ మర్చిపోయి, పూర్తి మొహంతో నవ్వుతోంది.

ఆ ఫోటోను ముబష్షిరా "తీసినవి" పుస్తకం ఆఖరి పేజీలో అతికించింది. అందులోంచి ఆమె వైరు కూడా తీయలేదు.